అర్జీ కన్నా ముందు లెక్క

1953 సెప్టెంబరు దాకా తిరుత్తణిలో ఎయిడెడ్ బడి నడిపేవారి గ్రాంటు కాగితం చివరికి చేరవలసిన ఊరు మద్రాసు. ఆ అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, చిత్తూరు జిల్లాతో పాటు తిరుత్తణి అందులో కలిశాక అది కర్నూలు అయింది. 1956 నవంబరు 1న హైదరాబాదు అయింది. ఆంధ్ర, మద్రాసు సరిహద్దు తగువులో పటాస్కర్ మధ్యవర్తిత్వాన్ని అనుసరించి 1959లో పార్లమెంటు చేసిన సరిహద్దుల మార్పు చట్టం 1960 ఏప్రిల్ 1న అమల్లోకి రాగానే మళ్లీ మద్రాసు అయింది. ఏడేళ్లు తిరక్కముందే మూడు మార్పులు. జిల్లా కచేరీ కూడా ఒకచోట నిలవలేదు: 1911 దాకా ఉత్తర ఆర్కాటు, తర్వాత చిత్తూరు, 1960 నుంచి చెంగల్పట్టు, 1997 నుంచి తిరువళ్లూరు. తిరువళ్లూరు కథ కొంత నెమ్మది. అది చెంగల్పట్టు జిల్లాలోనే చాలాకాలం ఉండి చివరికి తానే జిల్లా అయింది. అయినా సత్యవేడు వైపు ఊళ్లు 1960లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లినప్పుడు ఆ అంచులూ కదిలాయి. తెలుగూ తమిళమూ ఒకే వీధిలో వినపడే ఈ నేలలో డబ్బిచ్చేవారి ఊరు, భాష, హోదా మారుతూనే వచ్చాయి. అందుకే, ఎవరు ఇచ్చినా మారకుండా అడిగినది ఏమిటో తెలుసుకోవడానికి ఇది మంచి చోటు.

చిన్న స్వచ్ఛంద సంస్థల వాళ్లకు ప్రాజెక్టు ప్రపోజల్ రాయడం నేర్పే శిక్షణలు ఇప్పుడు విరివిగా జరుగుతున్నాయి. సమస్యను ఎలా మొదలుపెట్టాలి, లక్ష్యాన్ని ఎలా విడగొట్టాలి, బడ్జెట్ పట్టిక ఎలా వేయాలి, ఏ మాట వాడితే దాత చెవికి ఇంపుగా ఉంటుంది, ఇదంతా రాతకు సంబంధించిన నేర్పు. ఆ నేర్పు అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ ఈ ప్రాంతపు చరిత్ర చూస్తే నాకు తోచేది వేరు. ఇక్కడ నిధి తెచ్చింది అర్జీలోని వాక్యం కాదు, అర్జీ రాయక ముందే తయారై ఉన్న లెక్క. ఆ మాటను అక్కడే ఆపితే మాత్రం ప్రమాదం. ఏది లెక్కపెట్టాలో డబ్బిచ్చేవాడే తేల్చిన చోట సంస్థ ఆ లెక్క కోసమే పనిచేయడం మొదలుపెట్టింది. తన పనికి ఏది గుర్తో తానే తేల్చుకున్న చోట మాత్రం, ఇచ్చేవాడి మనసు మారినా పని నిలబడింది.

లెక్క అడిగే అలవాటు ఇంగ్లీషు దొరలు తెచ్చింది కాదు. 1977లో తిరుత్తణి దగ్గర వేలంజేరిలో రెండు తామ్ర శాసనాలు బయటపడ్డాయి. ఒకటి పల్లవ అపరాజితుడిది, మరొకటి చోళ పరాంతకుడిది. ఆ కాలపు పల్లవ, చోళ తామ్ర శాసనాల్లో ఒక పద్ధతి తరచు కనిపిస్తుంది. దానమిచ్చిన రాజు పేరుతో పాటు, ఆ దానం ఇమ్మని విన్నవించిన మనిషి పేరు, ఉత్తరువు అమలు జరిపిన మనిషి పేరు విడివిడిగా చెక్కిస్తారు. భూమికి నాలుగు దిక్కులా ఎల్లలు రాయిస్తారు. అంటే అడిగినవాడు తన పేరును రాగి మీద పూచీగా పెట్టాలి. ఈ ప్రాంతానికి పాత పేరైన తొండైమండలంలోనే ఉన్న ఉత్తరమేరూరులో పరాంతకుడి కాలపు శాసనం ఇంకో అడుగు వేసింది. సభకు చెందిన వారియాల్లో, అంటే కమిటీల్లో, పనిచేసి లెక్క అప్పజెప్పనివాడు మళ్లీ ఎంపికకు పనికిరాడు, అతని దగ్గరి బంధువులూ పనికిరారు. ఇవాళ్టి యుటిలైజేషన్ సర్టిఫికెట్టు దీని ముందు చాలా మెత్తన. అయితే ఇవి గుళ్ల దస్త్రాలు, బ్రాహ్మణ సభల దస్త్రాలు. ఊరి చివర బతికేవాళ్ల విన్నపం రాగి మీదికీ రాతి మీదికీ ఎక్కలేదు.

కంపెనీ కాలానికి వస్తే, మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్‌లో బడుల మీద విచారణ మొదలుపెట్టాడు. కలెక్టర్లకు ఒక పట్టిక వెళ్లింది: బడులెన్ని, ఏ కులం పిల్లలెందరు, మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు. 1826 మార్చి నాటి మినిట్‌లో ఆయన ఆ అంకెలన్నీ కూర్చాడు. ప్రెసిడెన్సీలో 12,498 బడులు, కోటీ ఇరవై ఎనిమిది లక్షల పైచిలుకు జనం, ఇంచుమించు వెయ్యి మందికొక బడి. ఆ వెంటనే డబ్బు అడిగాడు. తాలూకాకు ఒకటి చొప్పున 300 తహసీల్దారీ బడులు, పంతులుకు నెలకు 9 రూపాయలు. జిల్లాల్లోని పెద్ద బడుల పంతుళ్లకు 15 రూపాయలు. పుస్తకాల సంఘం ఖర్చుతో కలిపి ఏడాదికి 48,000. లండన్‌లో కూర్చున్న డైరెక్టర్ల ముందు గవర్నరు కూడా అర్జీదారే మరి. రాతలో ఆ మినిట్‌కు వంక పెట్టలేం: ఉన్న స్థితి, కొరత, పరిష్కారం, ఖర్చు, అన్నీ వరసగా ఉన్నాయి. ఇప్పటి శిక్షణ తరగతుల్లో నమూనాగా పంచిపెట్టవచ్చు. కానీ ఆయన పెట్టించిన తహసీల్దారీ బడులు నాటుకోలేదు, 1836 నాటికి ఎత్తేశారు. దానికి కారణాలు పలు విధాలుగా చెబుతారు. నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటి. అప్పటికే ఊళ్లలో పిల్లల తల్లిదండ్రులు పంతులుకు నెల జీతంగానో గింజల రూపంలోనో ఇచ్చుకుంటున్నారు, దసరాకు పిల్లలు ఇంటింటికీ పాడుతూ వెళ్లి అయ్యవారికి మామూలు తెచ్చిపెడుతున్నారు. మన్రో పట్టికలో ఆ ఊరివాళ్లు ఒక గడిలో అంకెగా మిగిలారు గానీ, బడిని మోసేవాళ్లుగా కనబడలేదు. కొత్త బడి పంతులు జవాబు చెప్పుకోవలసింది తహసీల్దారుకే, వీధికి కాదు.

గ్రాంటు అన్న పద్ధతికి నిజమైన పునాది 1854 జులైలో వచ్చిన చార్లెస్ వుడ్ తాఖీదు. ప్రైవేటు బడికి సర్కారు సాయం కావాలంటే నాలుగు షరతులు: లౌకిక విద్య బాగా చెప్పాలి, స్థానికంగా బాధ్యత వహించే యాజమాన్యం ఉండాలి, సర్కారు తనిఖీకి ఒప్పుకోవాలి, పిల్లల దగ్గర ఎంత చిన్నదైనా సరే ఫీజు తీసుకోవాలి. చివరిది చూడటానికి పిసినారితనంలా ఉన్నా అందులో ఒక ఆలోచన ఉంది. ఊరివాళ్లు తమ చేతి నుంచి కొంత పెట్టే బడి అయితే అది వాళ్లకు కావలసిన బడే అని దూరాన ఉన్నవాడికి ఒక రుజువు. ఇంకో మాట కూడా ఆ పత్రంలో ఉంది. సాయం ఫలానా పనికని, అంటే ఉపాధ్యాయుల జీతానికో, స్కాలర్‌షిప్పుకో, కట్టడానికో ఇవ్వాలి గానీ సంస్థ సాధారణ ఖర్చులకు ఇవ్వకూడదు. ఇవాళ ఒక చిన్న ట్రస్టు కార్యదర్శి, ప్రాజెక్టుకు డబ్బు ఇస్తామంటారు, ఆఫీసు అద్దెకు, లెక్కలు రాసే గుమస్తాకు మాత్రం ఎవరూ ఇవ్వరు అని వాపోతే, ఆ బాధకు నూట డెబ్భై ఏళ్లు. దాతలు దీన్ని కొత్త యాజమాన్య సూత్రంగా చెబుతారు గానీ, ఇది విక్టోరియా రాణి కాలపు పొదుపు.

అప్పటి నుంచి మిషన్ బడులు ఈ పద్ధతిని త్వరగా పట్టుకున్నాయి. వాటికి ఇంగ్లీషు వచ్చు, రిజిస్టర్లు వచ్చు, స్వదేశంలో ఉన్న సంఘాలకు ఏటా నివేదిక పంపే అలవాటు ముందే ఉంది. 1888లో తిరుత్తణి దగ్గర పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ చదువు దారి చూసినా ఇది తెలుస్తుంది: తిరుపతిలో హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ బడి, వేలూరులో వూర్హీస్ కాలేజీ, మద్రాసులో క్రైస్తవ కళాశాల. వీధి అరుగుల మీది బడులు చాలాకాలం వెలుపలే ఉన్నాయి. వాటిని లోపలికి తెచ్చింది 1860ల నడుమ మద్రాసులో మొదలైన ఫలితాల గ్రాంటు. ఇంగ్లండులో రాబర్ట్ లో 1862లో తెచ్చిన నియమావళికి ఇది తమ్ముడు. ఇన్‌స్పెక్టరు వచ్చి చదవడం, రాయడం, లెక్కలు పరీక్షిస్తాడు. ఏ తరగతిలో ఎందరు పాసైతే అంత సొమ్ము. ఇందులో అర్జీ రాసే నేర్పుతో పనే లేదు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని అయ్యవారికీ గ్రాంటు దక్కింది. పల్లె బడులు వేల సంఖ్యలో దస్త్రాల్లోకి ఎక్కాయి. చిన్నవాడికి తలుపు తెరిచిందంటే ఈ పద్ధతే తెరిచింది.

తలుపు తెరిచి లోపల ఏం చేసింది అన్నది వేరే సంగతి. 1873లో ఇండియన్ ఆంటిక్వరీలో చార్లెస్ గోవర్ మద్రాసు అరుగు బడుల మీద రాసిన వ్యాసం అచ్చైన నాటికి ఆ బడులకు తమవైన పాఠాలు ఉన్నాయి: ఇసుకలో అక్షరాలు దిద్దడం, తాటాకు మీద రాత, ఎక్కాలు, నీతి పద్యాలు. ఊళ్లో కరణానికి, వర్తకుడికి పనికొచ్చే విద్య అది. ఫలితాల గ్రాంటు వచ్చాక పరీక్షలో అడిగేదానికి రేటు ఉంది, అడగనిదానికి లేదు. రేటు లేని పాఠం మీద పంతులు పొద్దు ఎందుకు గడుపుతాడు? పాసయ్యే పిల్లవాడు ఆదాయం, వెనకబడ్డ పిల్లవాడు నష్టం. ఇంగ్లండులో స్వయంగా బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మాథ్యూ ఆర్నాల్డ్ ఈ పద్ధతి చదువును యంత్రం చేస్తుందని మొదటి నుంచీ మొత్తుకున్నాడు. ఇక్కడ 1904 నాటి భారత ప్రభుత్వ విద్యా విధాన తీర్మానంతో గానీ దాని రోజులు చెల్లలేదు. పాపం, పంతుళ్లను తప్పుపట్టి లాభం లేదు. వాళ్లు లెక్క సరిగ్గానే చూపించారు, కాకపోతే ఆ లెక్క వాళ్లది కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. లెక్కే నిధి తెచ్చిందని అంటున్నారు, మళ్లీ లెక్కే బడిని చెడగొట్టిందని అంటున్నారు, ఏదో ఒకటి చెప్పండి అని. రెండూ నిజమే. వాటికి మధ్య ఉన్న తేడాను ఇదే చెంగల్పట్టు జిల్లాలో 1891లో తయారైన ఒక పత్రం బయటపెడుతుంది. అప్పటి కలెక్టరు ట్రెమెన్‌హీర్ జిల్లాలోని పరయల స్థితి మీద సర్కారుకు ఒక నోటు రాశాడు. దాని వెనుక ఈ నేల మీదే పనిచేసిన ఇద్దరు మిషనరీల ఒత్తిడి ఉంది. ఒకరు చెంగల్పట్టులో స్కాట్లండు ఫ్రీ చర్చికి చెందిన ఆడమ్ ఆండ్రూ, ఇంకొకరు తిరువళ్లూరు వైపు పనిచేసిన వెస్లియన్ విలియం గౌడీ. పేదరికం ఉంది, జాలి చూపండి అని మాత్రమే రాసి ఉంటే ఆ నోటు రెవెన్యూ బోర్డు అలమరలో పడి ఉండేది. ట్రెమెన్‌హీర్ చేసింది అది కాదు. అంతదాకా సర్కారు పట్టికల్లో గడి లేని విషయాలు కొన్నింటిని ఎత్తి చూపించాడు. పాలేరు ఉంటున్న గుడిసె కింది జాగా ఎవరిది? అతని మీది అప్పు అతన్ని ఎవరి పొలానికి కట్టేస్తోంది? బంజరు కోసం అతను దరఖాస్తు పెట్టుకుంటే ఏమవుతుంది?

చివరి ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. చెంగల్పట్టు మిరాసీ జిల్లా. ఊరి భూమి మీద పాత హక్కులున్న మిరాసుదార్లకు బంజరు విషయంలోనూ మొదటి హక్కు ఉండేది. బంజరు కావాలని ఒక పాలేరు దరఖాస్తు చేస్తే, నియమాల ప్రకారం ఆ భూమిని ముందుగా కోరుకునే అవకాశం మిరాసుదారుకు దక్కుతుంది. పైగా అడిగిన పాలేరు రేపు ఆ మిరాసుదారు పొలంలోనే కూలికి వెళ్లాలి, ఆయన జాగాలోనే పడుకోవాలి. అలాంటి చోట దరఖాస్తు ఎంత చక్కగా రాసినా ఏం లాభం? రాత బాగుంటే పని అవుతుందనే నమ్మకానికి ఇంతకన్నా గట్టి జవాబు నాకు తెలియదు. కలెక్టరు నోటు ఆ నియమాన్నే వేలెత్తి చూపింది. బోర్డు నొచ్చుకుంది, ఎదురు వాదించింది. కానీ 1892 సెప్టెంబరులో 1010 నంబరు జీవో వచ్చింది. తర్వాతి రోజుల్లో పంచమి భూములని జనం పిలుచుకున్న కేటాయింపులకు అదే మొదలు. 1893 ఫిబ్రవరి 1న వచ్చిన 68 నంబరు జీవో పరయల వంటి పంచమ కులాల పిల్లల బడులకు మామూలు కన్నా ఎక్కువ రేటు గ్రాంటునూ, మరికొన్ని ప్రత్యేక సదుపాయాలనూ ఇచ్చింది. ఫలితాల గ్రాంటుకూ దీనికీ తేడా ఇక్కడ ఉంది. అక్కడ దాత అడిగిన అంకెకు పని సాగదీశారు. ఇక్కడ, పని దగ్గర ఉన్నవాళ్లు తమకు కనబడిన దాన్ని అంకె చేసి, దాత పట్టికలోనే కొత్త గడి వేయించారు.

ఇది లెక్క గొప్పతనం కాదు, హోదా గొప్పతనం అనవచ్చు. ఇది నేను తేలిగ్గా తోసేయలేని అభ్యంతరం. నోటు రాసినవాడు కలెక్టరు. ఒత్తిడి తెచ్చినవాళ్లు తెల్లవాళ్లు. ఇదే జిల్లాలో పుట్టిన రెట్టమలై శ్రీనివాసన్ 1893లో పరయన్ అనే పత్రికే పెట్టవలసి వచ్చిందంటే, ఆ జనం గొంతు నేరుగా కచేరీకి చేరే దారి లేదనే అర్థం. నిజమే, ఎవరు చెబుతున్నారన్నది ఎప్పుడూ పనిచేసింది. రాగిరేకు మీద విన్నవించినవాడి పేరు చెక్కించిన రోజు నుంచీ పనిచేస్తూనే ఉంది. కాని హోదా ఒక్కటే చాలదని చెప్పడానికీ ఇదే నోటు సాక్ష్యం. ఏళ్ల తరబడి ఎందరో కలెక్టర్లు ఆ జిల్లాను ఏలారు. హోదా అందరికీ ఉంది, 1010 జీవో మాత్రం అప్పుడే వచ్చింది. జీవో వచ్చాక కూడా ఊళ్లలో భూమి చేతికి రావడం నత్తనడకగా సాగింది. కారణం ఆ హోదాలోనే ఉంది. లెక్కపెట్టినవాడు బదిలీ మీద వెళ్లిపోయాడు. లెక్కలో ఉన్నవాళ్ల చేతిలో ఆ పుస్తకం లేదు.

పుస్తకం ఊరి చేతిలోనే ఉంటే ఏమవుతుందో చూడటానికి ఎంతో దూరం వెళ్లక్కర్లేదు. తిరువళ్లూరు పక్కనే తిరూరు ఉంది. ఇప్పుడు వరి పరిశోధనా కేంద్రం ఉన్న ఊరు. 1904 మార్చిలో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చిన అయిదు నెలలకు, ఆగస్టు 30న ఇక్కడి రైతుల పరపతి సంఘం రిజిస్టరు అయింది. దేశంలోనే ఆ చట్టం కింద మొదటి గ్రామ సహకార సంఘంగా తమిళనాడు సహకార శాఖ చెప్పుకునే పేరు ఇదే. ఆ చట్టానికి వెనుక మద్రాసు సివిల్ ఉద్యోగి ఫ్రెడరిక్ నికల్సన్ 1890ల చివర ఇచ్చిన రెండు సంపుటాల నివేదిక ఉంది. జర్మనీలో రైఫైజెన్ పెట్టిన పల్లె బ్యాంకులను చూసి, మనకూ అలాంటివాళ్లు కావాలని తేల్చిన నివేదిక. గ్రామ సంఘానికి షరతులు సూటిగా ఉండేవి. కనీసం పదిమంది కలిసి అడగాలి. వాళ్లు ఒకే ఊరివాళ్లో, పక్కపక్క ఊళ్లవాళ్లో, లేదా ఒకే కులంవాళ్లో అయి ఉండాలి. అప్పు సభ్యులకే ఇవ్వాలి. సంఘం మునిగితే ఒక్కో సభ్యుడూ పూర్తిగా బాధ్యుడు, తన వాటా మేరకే కాదు. రిజిస్ట్రారు ఏటా లెక్కలు తనిఖీ చేయించాలి.

ఇక్కడ అర్జీ ఒక పేజీ ఉండి ఉంటుంది. దాన్ని నమ్మదగినదిగా చేసింది సంతకాల వెనుక ఉన్న పూచీ. పక్కవాడు అప్పు ఎగ్గొడితే తన ఎద్దులు పోతాయని తెలిసిన మనిషి, పక్కవాడికి అప్పు ఎందుకో, అతను తీర్చగలడో లేదో ఏ ఇన్‌స్పెక్టరు కన్నా బాగా లెక్కగడతాడు. ఏది కొలవాలో ఊరే తేల్చుకుంది, సర్కారు ఆ కొలత నిజమా కాదా అని మాత్రం చూసింది. పైగా ఆ చూసే పని సర్కారే పెట్టుకుంది. ఆడిటరు భారం పదిమంది రైతుల నెత్తిన రుద్దలేదు. ఈ చిన్న సంగతికి ఇవాళ చాలా విలువ ఉంది, మళ్లీ దాని దగ్గరికి వస్తాను. తిరూరును మరీ ఆకాశానికెత్తడమూ న్యాయం కాదు. అపరిమిత బాధ్యత అంటే ఆస్తి ఉన్నవాడికే అర్థం ఉన్న మాట. భూమి లేనివాడికి ఎవరు పూచీ పడతారు? ట్రెమెన్‌హీర్ నోటులోని పాలేర్లకు ఆ సంఘంలో చోటు దొరకడం కష్టం. ఊరు తేల్చుకుంది అన్నప్పుడు ఊరంటే ఎవరు అన్న ప్రశ్న వెంటే వస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాత, నిధి చిన్నవాళ్ల దాకా ఎలా చేరాలన్న ప్రశ్నను జాతీయ స్థాయిలో ఎదుర్కొన్నది ఒక తెలుగు మహిళ కావడం మనకు గర్వకారణమే. మద్రాసులో ఆంధ్ర మహిళా సభను చందాలతో, తంటాలతో పెంచిన దుర్గాబాయి ప్రణాళికా సంఘం సభ్యురాలిగా వెళ్లాక, చిన్న సంస్థలకు గ్రాంటు ఎలా అందించాలన్నది ఆమెకు కాగితం మీది సమస్య కాదు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంక్షేమ సంస్థల సాయానికి 4 కోట్ల రూపాయలు పెట్టారు. ఆ సొమ్మును శాఖల ద్వారా కాకుండా, అధికారులు కానివాళ్లు, ముఖ్యంగా మహిళలు నడిపే ఒక బోర్డు ద్వారా పంచాలన్నది ఆలోచన. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఆమె అధ్యక్షతన మొదలైంది, మరుసటి ఏడు రాష్ట్రాల్లో సలహా బోర్డులు వచ్చాయి. 1953 జనవరిలోనే ఆమె ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను పెళ్లాడింది కాబట్టి ఇంట్లో అడిగితే వచ్చిందని వేళాకోళం చేసినవాళ్లు ఉండే ఉంటారు. కానీ బోర్డు వరకు సొమ్ము రావడం వేరు, అది ఒక చిన్న ఊరి శిశువిహారానికి చేరడం వేరు. ఆ రెండో మెట్టు దగ్గర బోర్డు చేసిన పని గమనించదగ్గది. సంస్థ తన వంతు కొంత సమకూర్చుకోవాలనే పాత షరతు ఉంచింది, అదే సమయంలో దరఖాస్తు రాయలేని సంస్థ దగ్గరికి మనిషిని పంపి చూసే ఏర్పాటు పెట్టింది. ఢిల్లీకీ ఊరికీ నడుమ, రెండు భాషలూ తెలిసిన మధ్య మెట్టు ఒకటి కట్టింది. అది తర్వాత దశాబ్దాల్లో ఫైళ్ల కుప్పగా మారిందన్న విమర్శలో నిజం ఉంది. అయితే తప్పు మధ్య మెట్టు ఉండటంలో లేదు, అది ఊరి వైపు కన్నా ఢిల్లీ వైపు ఎక్కువ చూడటంలో ఉంది.

ఇప్పటి తిరువళ్లూరు జిల్లాలో దాతల ముఖాలు మళ్లీ మారాయి. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి, తమ చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. గుమ్మిడిపూండి మొదలుకొని పలుచోట్ల పరిశ్రమలున్న జిల్లాకు ఇది చిన్న మాట కాదు. ఇటుక బట్టీల్లో పనిచేసే ఇరుళ గిరిజన కుటుంబాల పిల్లల చదువు కోసం ఒక చిన్న ట్రస్టు అలాంటి కంపెనీకి ప్రపోజల్ పెట్టిందనుకోండి. కంపెనీ మొదట అడిగేది లబ్ధిదారుల సంఖ్య. వంద మంది పిల్లల పేర్లు చూపిస్తే డబ్బు వస్తుంది. బట్టీ సీజను మొదలై తల్లిదండ్రులతో ఊరు దాటిన పిల్లలు మళ్లీ వచ్చి బడిలో కూర్చున్నారా అన్నది ఆ పట్టికలో సాధారణంగా గడి కాదు. ఫలితాల గ్రాంటు నాటి పంతులు పడ్డ ఉచ్చు ఇదే. ట్రస్టు తెలివైనదైతే చేయవలసింది అడిగిన వందకు వంద చూపించడం ఒక్కటే కాదు. వలస వెళ్లినవాళ్లు, తిరిగి వచ్చినవాళ్లు, రానివాళ్లు, వాళ్ల అప్పు, బట్టీ అడ్వాన్సు, ఇవి తన పుస్తకంలో ముందే రాసుకుని ఉండి, ఆ గడిని ప్రపోజల్‌లో తానే వేయాలి. ట్రెమెన్‌హీర్‌కు కలెక్టరు హోదా ఉంది, ఈ ట్రస్టుకు లేదు, నిజమే. దానికి బదులు ఈ ట్రస్టుకు ఒకటి ఉంది: అది బదిలీ మీద వెళ్లిపోదు.

లెక్క ఉంచడానికి మనిషి కావాలి, మనిషికి జీతం కావాలి. సాధారణ ఖర్చులకు ఇవ్వకూడదన్న 1854 నాటి మాట ఇంకా బతికే ఉన్నచోట, లెక్క ముందే ఉంచుకోండి అని చెప్పడం చిన్న సంస్థను ఎగతాళి చేయడం కాదా? చివరి అభ్యంతరం ఇది, బహుశా అన్నిటికన్నా గట్టిది కూడా. దీనికి చరిత్రలో దొరికే జవాబు ఒక్కటే. తిరూరులో తనిఖీ భారం సర్కారు మోసింది, దుర్గాబాయి బోర్డులో మధ్య మెట్టు మోసింది. అంటే లెక్క ఖర్చును ఒంటరి సంస్థ మీద వదలని కాలాల్లోనే చిన్నవాళ్లకు నిధి అందింది. విదేశీ విరాళాల విషయంలో ఇటీవలి దాకా అలాంటి మెట్టు ఒకటి ఉండేది. లెక్కలు, ఆడిట్, అనుమతులు ఉన్న ఒక పెద్ద సంస్థ సొమ్ము తీసుకుని, జిల్లాల్లోని నమోదైన చిన్న సంస్థలకు పంచి, వాటి పుస్తకాలను తానే సరిచూసేది. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి చేసిన సవరణ అలా మరో సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించింది, పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించింది. దుర్వినియోగం ఆపడానికని సర్కారు చెప్పిన కారణం పూర్తిగా ఉత్తదని నేను అనను. కానీ తనిఖీ ఎవరు చేయాలన్న ప్రశ్నకు అది ఇచ్చిన జవాబు ఏమిటంటే, ప్రతి చిన్న ట్రస్టూ తన అనుమతి తానే తెచ్చుకుని, తన గుమస్తాను తానే పోషించుకోవాలి. ఒకే తాలూకాలోని నాలుగైదు సంస్థలు కలిసి ఒక అకౌంటెంటును పెట్టుకోవడానికి మాత్రం ఏ చట్టమూ అడ్డురాదు. కంపెనీల సొమ్ములో కొంత ఆ ఉమ్మడి పుస్తకానికే అడగడానికీ అడ్డురాదు. తిరువళ్లూరు జిల్లాలో అలాంటి అర్జీ పెట్టేవాళ్లు మొదటి పేజీలో పేదరికం గురించి రాయనక్కర్లేదు. 1904లో తిరూరు రైతులు పెట్టినట్టు, ఎవరికి ఎవరు పూచీ అన్నది రాస్తే చాలు.